డ్రగ్స్ వార్తల్లో స్టార్ పేరు.. ఫ్యాషన్ కంపెనీ ఎవరిని వదులుకుంటుంది, ఎవరిని దాచుకుంటుంది?

ఒక సెలబ్రిటీ పేరు డ్రగ్స్ కేసులో వినపడగానే మన ఇళ్లల్లో, వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట గ్యారంటీగా వస్తుంది. "చూశారా, కంపెనీ వాళ్లు యాడ్ తీసేశారు. ఏదో ఉండే ఉంటుంది." యాడ్ ఆగిపోవడమే సాక్ష్యం అన్నట్టు, కంపెనీయే కోర్టు అన్నట్టు మాట్లాడేసుకుంటాం. ఆ తర్వాత ఆరు నెలలకో ఏడాదికో అదే మొహం మరో పెద్ద బ్రాండ్ పోస్టర్ మీద కనపడితే, "పైసలుంటే ఏదైనా చెల్లుతుంది" అని ఇంకో తీర్పు ఇచ్చేస్తాం.

నిజానికి ఈ రెండు తీర్పులకూ ఆధారం లేదు. బట్టలు, సెంట్లు, మేకప్ సామాన్లు అమ్మే కంపెనీ ఒక మొహాన్ని తీసేసినా, తిరిగి పెట్టుకున్నా అక్కడ నడిచే లెక్క వేరు. సరుకు కొనేది ఎవరు? ఒప్పందం ఎప్పటిదాకా ఉంది? ఈ మొహం ఇంకా సరుకు అమ్మిపెడుతుందా? తప్పు జరిగిందా లేదా అన్న ప్రశ్న చాలాసార్లు ఆ లెక్కలో చివరి వరసలో ఉంటుంది. ఇది తెలుసుకోవడానికి 20 ఏళ్ల కిందట లండన్‌లో జరిగిన ఒక కథ బాగా పనికొస్తుంది.

ఒక వారం, నాలుగు కంపెనీలు

2005 సెప్టెంబర్ 15. బ్రిటన్‌లో డైలీ మిర్రర్ పత్రిక మొదటి పేజీలో సూపర్ మోడల్ కేట్ మాస్ ఫొటో వేసింది. అప్పటి ఆమె స్నేహితుడి బ్యాండ్ పాటలు రికార్డు చేసుకుంటున్న స్టూడియోలో రహస్యంగా తీసిన వీడియోలోని దృశ్యాలు అవి. ఆమె కొకైన్ పీలుస్తోందని పత్రిక రాసింది. అప్పటికి ఆమె వయసు 31. పద్నాలుగేళ్లప్పుడు న్యూయార్క్ ఎయిర్‌పోర్టులో ఒక మోడలింగ్ ఏజెన్సీ కంటపడి, 90లలో కాల్విన్ క్లైన్ ప్రకటనలతో ప్రపంచమంతా తెలిసిన మొహం అయింది. ఆ రోజు ఆమెతో పని నడుస్తున్న కంపెనీల్లో షనెల్, బర్బరీ, రిమ్మెల్ ఉన్నాయి. స్వీడన్ కంపెనీ హెచ్ అండ్ ఎం కూడా ఉంది. ఇప్పుడు హైదరాబాద్ మాల్స్‌లో మన పిల్లలు టీషర్టులు కొనే హెచ్ అండ్ ఎం అదే.

మొదట అందరి కళ్లూ హెచ్ అండ్ ఎం మీదే పడ్డాయి. ఎందుకంటే డిజైనర్ స్టెల్లా మెకార్ట్‌నీతో కలిసి చేసిన కొత్త కలెక్షన్‌ను ఆ నవంబర్‌లోనే షాపుల్లోకి దించాలి, దాని ప్రచారానికి కేట్ మాస్‌నే అనుకున్నారు. ఆమె క్షమాపణ చెప్పింది, ఇకమీదట ఆరోగ్యంగా, సవ్యంగా ఉంటానని మాటిచ్చింది కాబట్టి మరో అవకాశం ఇస్తున్నామని కంపెనీ మొదట ప్రకటించింది. కస్టమర్లు ఊరుకోలేదు. విమర్శలు పెరిగాయి. సెప్టెంబర్ 20న అదే కంపెనీ మాట మార్చి ఆమెను తప్పించింది. తాము మాదకద్రవ్యాల నివారణకు పనిచేసే సంస్థకు తోడ్పడుతున్నామన్న సంగతి కూడా అప్పుడు గుర్తుచేసింది. మొదటి ప్రకటన చేసిన రోజు కూడా ఆ తోడ్పాటు ఉన్నదే కదా. నాలుగు రోజుల్లో మారింది విలువలు కాదు, కస్టమర్ మూడ్.

మర్నాడు బర్బరీ, షనెల్ వంతు. బర్బరీ తను అనుకున్న ప్రచారంలో ఆమె ఉండదని, ఇది ఇద్దరం కలిసి అనుకున్నదేనని చెప్పింది. షనెల్ ఇంకా నాజూకుగా చెప్పింది. ఒప్పందం అక్టోబర్‌తో ముగుస్తుంది, పొడిగించే ఆలోచన లేదు, అంతే. తీసేశామని అనలేదు, తప్పు చేసిందని అనలేదు.

సెప్టెంబర్ 22న కేట్ మాస్ ఒక ప్రకటన విడుదల చేసింది. తన చర్యలకు పూర్తి బాధ్యత తనదేనంది, బాధపెట్టిన వాళ్లందరికీ క్షమాపణ చెప్పింది. కానీ ఆ ప్రకటన మొత్తం వెతికినా డ్రగ్స్ అన్న మాట ఒక్కసారి కూడా దొరకదు. పోలీసుల దర్యాప్తు నడుస్తుండగా ఒప్పుకోలుగా పనికొచ్చే మాట రాయకూడదని లాయర్‌ని అడిగితే ఎవరైనా చెప్తారు. ఆ తర్వాత ఆమె అమెరికాలోని అరిజోనాలో ఒక చికిత్సా కేంద్రంలో చేరింది.

నాలుగోది రిమ్మెల్. లిప్‌స్టిక్, మస్కారా లాంటివి సామాన్య ధరల్లో అమ్మే బ్రిటిష్ మేకప్ బ్రాండ్ అది. మొదట దిగ్భ్రాంతి అంది, పరిస్థితి సమీక్షిస్తున్నామంది. క్షమాపణ వచ్చాక ఆమెను అట్టిపెట్టుకుంది. నలుగురిలో మొహం మార్చకుండా నిలబడింది ఇదొక్కటే.

ఒకే మనిషి, ఒకే ఫొటో, నాలుగు జవాబులు. ఎందుకని?

కొనేవాడి జేబు నుంచి చూస్తే

కామర్స్ పుస్తకాల్లో గుడ్‌విల్ అనే మాట ఉంటుంది. కంటికి కనపడని ఆస్తి. షాపు, మిషన్లు, సరుకు కాకుండా, ఆ పేరు మీద జనానికి ఉన్న నమ్మకానికి కట్టే విలువ. ఫ్యాషన్ కంపెనీకి ఉన్న ఆస్తిలో ఇదే పెద్దది. వంద రూపాయల బట్టని వెయ్యికో పదివేలకో అమ్మగలిగేది దీనివల్లే. మోడల్‌కి ఇచ్చే డబ్బు ఆమె ఫొటోకి కాదు, ఆమె గుడ్‌విల్‌లో కొంత తమ పేరుకి అద్దెకు తెచ్చుకోవడానికి. అద్దెకు తెచ్చిన వస్తువు పాడైతే వాపస్ ఇస్తామా, వాడుకుంటామా అన్నది ఇంట్లో దానితో ఏం పనో దాన్నిబట్టి ఉంటుంది.

హెచ్ అండ్ ఎం షాపులోకి వచ్చేది తల్లీకూతుళ్లు. పదిహేనేళ్ల అమ్మాయి ఎంచుకుంటుంది, బిల్లు అమ్మ కడుతుంది. అమ్మకి కోపం వస్తే కౌంటర్ దగ్గర తెలిసిపోతుంది. పైగా ప్రచారం ఇంకా జనం ముందుకు రాలేదు కాబట్టి మొహం మార్చడానికి అయ్యే నష్టం తక్కువ. రిమ్మెల్ కథ వేరు. లండన్ లుక్ అంటూ అది అమ్ముకునేదే రాత్రిపూట షికార్లు తిరిగే, కొంచెం తలతిక్క ఉన్న లండన్ అమ్మాయి బొమ్మని. ఆ బొమ్మకి కేట్ మాస్ మరీ దూరమైపోలేదు, ఇంకా చెప్పాలంటే దగ్గరైంది. ఈ మాట ఏ కంపెనీ అధికారీ మైకు ముందు ఒప్పుకోడు.

షనెల్‌ది ఇంకో రకం లెక్క. సెంటు అమ్మకం దశాబ్దాల వ్యవహారం. ఒక సీజన్‌లో పాతబడే బట్ట కాదు. అలాంటి సరుకు మీద మచ్చ వద్దు, అలాగని పరిశ్రమలో అందరికీ ఇష్టమైన మోడల్‌తో గొడవా వద్దు. ఒప్పందం గడువు దగ్గరపడటం వాళ్లకు కలిసొచ్చింది. ఆ తర్వాత కోకో మాడ్‌మోజెల్ సెంటుకి నటి కీరా నైట్లీ వచ్చింది.

ఇదే తేడా ఆటల్లోనూ కనపడింది. 2009లో ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ గంజాయి పీల్చే గొట్టం నోట్లో పెట్టుకున్న ఫొటో బయటికొచ్చింది. పిల్లల పొద్దుటి టిఫిన్ గిన్నెలోకి వెళ్లే కార్న్‌ఫ్లేక్స్ అమ్మే కెలాగ్స్ ఒప్పందం పొడిగించనంది. ఈత దుస్తులు అమ్మే స్పీడో, గడియారాలు అమ్మే ఒమేగా అతని వెంటే ఉన్నాయి. ఎనిమిది బంగారు పతకాలు గెలిచిన వాడి మొహం కన్నా ఈత దుస్తులు అమ్మే మొహం ఇంకోటి ఎక్కడ దొరుకుతుంది?

ఒప్పందంలోని ఆ ఒక్క పేరా

సెలబ్రిటీలతో రాసుకునే ఒప్పందాల్లో మోరల్స్ క్లాజ్ అని ఒక షరతు ఉంటుంది. నడవడిక షరతు అనుకోవచ్చు. కంపెనీ ప్రతిష్ఠకు భంగం కలిగేలా ప్రవర్తిస్తే ఒప్పందం రద్దు చేసుకోవచ్చు, ఇవ్వాల్సిన డబ్బు ఆపొచ్చు అని అందులో రాస్తారు. అసలు బేరమంతా ఈ పేరా మీదే. రద్దు చేయాలంటే పేపర్లో ఆరోపణ వస్తే చాలా? అరెస్ట్ కావాలా? చార్జిషీట్ పడాలా? కోర్టు శిక్ష వేయాలా? కంపెనీ లాయర్ మొదటిది రాయాలంటాడు, స్టార్ లాయర్ చివరిది రాయాలంటాడు. ఎవరికి అవసరం ఎక్కువో వాళ్లు తగ్గుతారు. కొత్త మోడల్ ఏది ఇస్తే దాని మీద సంతకం పెడుతుంది. పెద్ద స్టార్లయితే తిరుగు షరతు కూడా పెడతారు, కంపెనీయే ఏదైనా కుంభకోణంలో ఇరుక్కుంటే మేం బయటికి పోతామని.

షరతు గట్టిగా లేకపోతే ఆరోపణ చూసి తొందరపడి రద్దు చేసిన కంపెనీయే బాకీ మొత్తం కట్టాల్సి రావచ్చు. అందుకే ప్రకటనల్లో భాష అంత జాగ్రత్తగా ఉంటుంది. "పరిస్థితిని గమనిస్తున్నాం" అంటే అమ్మకాలు, సోషల్ మీడియా రెండూ చూస్తున్నాం అని. "ప్రస్తుతానికి ఆపాం" అంటే డబ్బు విషయం ఇంకా తేలలేదని. "పరస్పర అంగీకారంతో" అంటే లోపల మాట్లాడుకున్నారు, కోర్టుకి పోరు. "పొడిగించడం లేదు" అన్నది అన్నిటికన్నా చవకైన మార్గం. ఇవేవీ నేరం గురించిన మాటలు కావు. టీవీలో స్క్రోలింగ్ చదివేటప్పుడు ఇది మనసులో ఉంచుకుంటే సగం హంగామా తగ్గుతుంది.

ఈ షరతు పుట్టిన కథ కూడా వినాలి. 1921లో హాలీవుడ్ హాస్యనటుడు రాస్కో ఆర్బకిల్ ఒక నటి మరణం కేసులో అరెస్టయ్యాడు. ఆ వెంటనే యూనివర్సల్ కంపెనీ తన నటుల ఒప్పందాల్లో నడవడిక షరతు పెట్టింది. 1922లో మూడో విచారణలో జ్యూరీ ఆర్బకిల్ నిర్దోషి అని తేల్చింది, పైగా అతనికి క్షమాపణ కూడా చెప్పింది. అయినా అతని కెరీర్ మళ్లీ పాత స్థాయికి రాలేదు. ఏ మనిషిని చూసి భయపడి ఆ షరతు రాశారో ఆ మనిషే నిర్దోషిగా బయటపడ్డాడు. షరతు మాత్రం వందేళ్లు దాటినా అలాగే ఉంది.

మత్తుని అందంగా చూపించింది ఎవరు?

కేట్ మాస్ ఫొటో చూసి ఫ్యాషన్ కంపెనీలు ఉలిక్కిపడటంలో చిన్న నాటకం ఉంది. ఎందుకంటే అంతకు పదేళ్ల ముందు ఇదే పరిశ్రమ అలాంటి రూపాన్నే అమ్మింది. 90లలో పత్రికల నిండా పాలిపోయిన మొహాలు, కళ్ల కింద నల్లటి వలయాలు, ఎముకలు కనపడే శరీరాలు, మాసిన గదుల్లో నేల మీద పడి ఉన్న అమ్మాయిలు. దానికి హెరాయిన్ షీక్ అని పేరే వచ్చింది. హెరాయిన్ తీసుకునేవాళ్ల వాలకాన్ని స్టైల్‌గా మార్చడం అన్నమాట. ఆ రూపానికి జనం మొదట గుర్తుచేసుకునే మొహాల్లో కేట్ మాస్‌ది ఒకటి.

1997 ఫిబ్రవరిలో ఆ తరహా ఫొటోలకు పేరున్న డేవిడ్ సొరెంటి అనే యువ ఫొటోగ్రాఫర్ న్యూయార్క్‌లో చనిపోయాడు. ఇరవై ఏళ్లే. అతనికి చిన్నప్పటి నుంచి తలసీమియా ఉంది, హెరాయిన్ అలవాటూ పట్టుకుంది. అతని తల్లి ఫ్రాన్సెస్కా కూడా ఫొటోగ్రాఫరే. కొడుకు పోయాక ఆమె ఊరుకోలేదు, కుర్ర మోడళ్లకు పరిశ్రమలో ఏం జరుగుతోందో బహిరంగంగా మాట్లాడటం మొదలుపెట్టింది. అదే ఏడాది మే నెలలో అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ బట్టలు అమ్ముకోవడానికి వ్యసనాన్ని అందంగా చూపించక్కర్లేదని పరిశ్రమను తప్పుపట్టాడు.

పరిశ్రమ ఏం చేసింది? రూపం మార్చింది. రెండేళ్లు తిరిగేసరికి ఆరోగ్యంగా, నిండుగా కనపడే బ్రెజిల్ అమ్మాయి జిజెల్ బుంద్‌షెన్ కొత్త ఫ్యాషన్. అంటే ఫొటోలు బాగుపడ్డాయి. ఫొటోల వెనక గంటల తరబడి పని, తిండి మానడం, పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లల్ని ఇల్లు వదిలించి పరాయి ఊళ్లలో ఉంచడం, వాటి సంగతి అలాగే ఉండిపోయింది. మత్తు పదార్థం అక్కడికి ఎవరు తెస్తారు, ఎందుకు అంత తేలిగ్గా దొరుకుతుంది అన్న ప్రశ్న ఎవరూ గట్టిగా అడగలేదు.

కేట్ మాస్ 2022లో బీబీసీ రేడియోతో మాట్లాడుతూ ఇదే ఎత్తిపొడిచింది. అప్పుడు తన చుట్టూ ఉన్నవాళ్లంతా డ్రగ్స్ తీసుకునేవాళ్లే, అందరూ తన ఒక్కదాని మీదే పడటం, కూతుర్ని తన దగ్గర్నుంచి తీసుకోవాలని చూడటం తనకు కోపం తెప్పించిందని, అది కపటంగా తోచిందని చెప్పింది. అందులో ఆమె స్వార్థం ఎంతున్నా, మాట అబద్ధమని పరిశ్రమ వాళ్లు ఎదురు చెప్పింది లేదు.

తిరిగొచ్చిన దారి

వదిలేసినంత వేగంగానే తిరిగి పిలిచారు. 2005 అక్టోబర్‌లో పారిస్‌లో డిజైనర్ అలెగ్జాండర్ మెక్వీన్ తన షో చివర్లో కేట్‌కి మద్దతు తెలిపే టీషర్ట్ వేసుకుని వచ్చాడు. ఆ ఏడాది చివర్లో ఫ్రెంచ్ వోగ్ సంచికకు ఆమెనే అతిథి సంపాదకురాలిని చేశారు. 2006 మార్చిలో మెక్వీన్ షోలో గాలిలో తేలే ఆమె కాంతి బొమ్మ చూసి జనం నోళ్లు తెరిచారు. వర్జిన్ మొబైల్ అయితే బ్రిటన్‌లో ఆమె ఒప్పందాలు పోగొట్టుకున్న సంగతి మీదే చమత్కారంగా టీవీ యాడ్ తీసింది. మచ్చనే సరుకు చేసి అమ్మడం అంటే ఇదే.

2006 జూన్‌లో బ్రిటిష్ ప్రాసిక్యూటర్లు కేసు పెట్టడం లేదని ప్రకటించారు. కారణం విచిత్రం. వీడియోలో ఆమె ఏదో నిషేధిత పదార్థం వాడుతున్నట్టు స్పష్టంగానే ఉందన్నారు. కానీ అది కొకైనా, మరొకటా అన్నది తేల్చి చెప్పలేం, ఏ తరగతి మత్తు పదార్థమో తేలకపోతే ఏ నేరం మోపాలో కుదరదు అన్నారు. అది నిర్దోషి అన్న తీర్పు కాదు, కేసు నిలబడదన్న లెక్క. కంపెనీలకు అదే చాలు. ఆ ఏడాది కాల్విన్ క్లైన్ జీన్స్ ప్రచారంలో ఆమె మళ్లీ కనపడింది. నవంబర్‌లో బ్రిటిష్ ఫ్యాషన్ అవార్డుల్లో ఆ ఏటి ఉత్తమ మోడల్. 2007 మే 1న ఆమె పేరుతో టాప్‌షాప్ కలెక్షన్ లండన్ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో మొదలైతే అమ్మాయిలు బారులు తీరారు. టాప్‌షాప్ కూడా కుర్రాళ్లు, కుటుంబాలు కొనే షాపే. ఇరవై నెలల్లో అమ్మల కోపం చల్లారిందని అర్థం. బర్బరీ సంగతి చెప్పనే అక్కర్లేదు. 2014లో మై బర్బరీ సెంటు తెచ్చినప్పుడు కేట్ మాస్, కారా డెలవీన్ ఇద్దర్నీ కలిపి ఫొటో తీసింది.

పరిశ్రమ అసలు దేన్నీ సహించదని కాదు. 2011లో డియోర్ సంస్థ తన ప్రధాన డిజైనర్ జాన్ గలియానోను నాలుగైదు రోజుల్లోనే బయటికి పంపింది. పారిస్‌లో ఒక కేఫ్‌లో యూదులను దూషించిన వ్యవహారం అది. మద్యానికి, నిద్రమాత్రలకు బానిసనయ్యానని అతను కోర్టులో చెప్పుకున్నాడు. ఆ బానిసత్వంతోనే ఏళ్ల తరబడి ఏటా ఎన్నో కలెక్షన్లు చేయించుకున్నప్పుడు ఎవరికీ ఇబ్బంది కాలేదు. నోరు జారి, అది వీడియోకెక్కి, కొనేవాళ్లను అవమానించినప్పుడు మాత్రం ఉద్యోగం పోయింది. అతనికీ నాలుగేళ్లలోపే మార్జెలా సంస్థలో కుర్చీ దొరికింది.

తిరిగి రానివాళ్లూ ఉన్నారు. 70ల చివర్లో అమెరికాలో వెలిగిన జియా కరాంజి హెరాయిన్‌కి బానిసై, పనులు తగ్గి, 1986లో ఎయిడ్స్‌తో చనిపోయింది. అప్పటికి 26 ఏళ్లు. మెరుపు ఉన్నంతకాలం షూటింగులకు పిలిచారు, లేటైనా ఓర్చుకున్నారు. మెరుపు పోయాక ఫోన్ ఆగిపోయింది. ఆమెను ఎవరూ ప్రకటన ఇచ్చి తీసేయలేదు. పిలవడం మానేశారు. పేరు లేని మోడళ్లకు, మేకప్ అసిస్టెంట్లకు, దర్జీలకు ఎక్కడైనా జరిగేది ఇదే. వాళ్ల గురించి ప్రెస్ నోట్ రాయరు.

మన దగ్గర

మన దేశంలో ఈ కథ అరెస్టులతో మొదలవుతుంది కాబట్టి లెక్క ఇంకా కటువుగా ఉంటుంది. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద కేసు పడితే బెయిల్ రావడమే కష్టం కావచ్చు. టీవీ చానళ్లు విచారణ గది బయట కాపలా కాస్తాయి.

2020లో నటుడు సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ మరణం తర్వాత మొదలైన డ్రగ్స్ దర్యాప్తులో ఇద్దరు మహిళల అనుభవం పక్కపక్కన పెట్టి చూడండి. నటి రియా చక్రవర్తిని సెప్టెంబర్ 8న ఎన్‌సీబీ అరెస్ట్ చేసింది. బాంబే హైకోర్టు బెయిల్ ఇచ్చేదాకా దాదాపు నెల రోజులు జైల్లో ఉంది. ఆ తర్వాత తనకు సినిమా అవకాశాలు రాలేదని ఆమే చెప్పుకొంది. తమ్ముడితో కలిసి చాప్టర్ 2 డ్రిప్ అని సొంత బట్టల బ్రాండ్ పెట్టుకుంది. ఎవరూ పిలవనప్పుడు సొంత దుకాణమే దారి. సుశాంత్ మరణం కేసును సీబీఐ 2025లో మూసేసింది.

అదే సెప్టెంబర్ 26న దీపికా పదుకొణెను పాత వాట్సాప్ చాటింగ్ గురించి అదే ఎన్‌సీబీ గంటల కొద్దీ ప్రశ్నించింది. ఆమె మీద కేసు లేదు. ఏడాది తిరగకుండానే లీవైస్ జీన్స్ ఆమెను గ్లోబల్ అంబాసిడర్‌గా ప్రకటించింది. 2022లో లూయీ విటాన్ తన హౌస్ అంబాసిడర్‌గా తీసుకున్న మొదటి భారతీయురాలు ఆమెనే. ఒకరు అరెస్టయ్యారు, ఒకరు కాలేదు, ఆ తేడా నిజమే. కానీ ప్రశ్నించిన రోజు రాత్రి టీవీ చూసినవాళ్లకు ఆ తేడా కనపడిందా? కంపెనీలకు మాత్రం ఇంకో తేడా స్పష్టంగా కనపడింది. ఒకరు కోట్లమంది కొనుగోలుదార్లను లాగే స్టార్, రెండోవారు ఇంకా ఎదుగుతున్న నటి.

ఇక ఆర్యన్ ఖాన్. ఈ కేసు వచ్చిన రోజుల్లో ముస్లిం ఇళ్లల్లో మాట్లాడుకోనివాళ్లు లేరు. 2021 అక్టోబర్ 3న ముంబై క్రూయిజ్ షిప్ కేసులో షారుక్ ఖాన్ కొడుకును ఎన్‌సీబీ అరెస్ట్ చేసింది. వయసు 23. అతని దగ్గర డ్రగ్స్ దొరకలేదు. అయినా 28న హైకోర్టు బెయిల్ ఇచ్చేదాకా కస్టడీ, ఆర్థర్ రోడ్ జైలు తప్పలేదు. ఆ అక్టోబర్‌లోనే పిల్లలకు ఆన్‌లైన్ పాఠాలు అమ్మే బైజూస్ కంపెనీ షారుక్ ఖాన్ యాడ్స్ ఆపిందని వార్తలొచ్చాయి. తండ్రి మీద ఏ ఆరోపణా లేదు. కానీ ఆ సరుకు కొనేది తల్లిదండ్రులు, సోషల్ మీడియాలో అడుగుతున్న ప్రశ్న "ఈయనా పిల్లలకు చెప్పేది" అని. కంపెనీ భయం ఆ ప్రశ్నకే. అదే దీపావళి సీజన్‌లో క్యాడ్బరీ మాత్రం షారుక్ ఖాన్ మొహంతోనే వీధి చివరి చిన్న షాపుల పేర్లు పలికించే యాడ్ విడుదల చేసింది. దానికి మెచ్చుకోళ్లు కురిశాయి. ఒకే మనిషి, ఒకే నెల, ఇద్దరు వ్యాపారులు, రెండు ధైర్యాలు.

2022 మే 27న ఎన్‌సీబీ చార్జిషీట్ వేసింది. ఆధారాలు లేవంటూ అందులో ఆర్యన్ పేరు పెట్టలేదు. అరెస్ట్ రోజు హెడ్‌లైన్ ఎంత పెద్దదో, ఈ వార్త అంత పెద్దగా వచ్చిందా అన్నది పాత పేపర్లు తిరగేస్తే తెలుస్తుంది.

తెలుగు సినిమా వాళ్లకూ ఇది కొత్త కాదు. 2017 జూలైలో తెలంగాణ ఎక్సైజ్ శాఖ సిట్ పలువురు సినీ ప్రముఖులను రోజుకొకరి చొప్పున పిలిచి ప్రశ్నించింది. 2021లో ఈడీ మళ్లీ పిలిచింది. విచారణకు పిలవడం అంటే నిందితుడని కాదు, సాక్షిగానూ పిలుస్తారు. కానీ కారు దిగి ఆఫీసు మెట్లెక్కే వీడియో పదే పదే తిరిగింది. మన ఊళ్లలో బట్టల షాపింగ్ మాల్ ఓపెనింగ్‌కి హీరోయిన్‌ని పిలవడం మామూలు. అలాంటి యజమానికి లండన్ కంపెనీల్లా లాయర్ల బృందం, ప్రెస్ నోట్ అక్కర్లేదు. వీడియో చూసి భయపడితే ఫ్లెక్సీ మీద ఇంకో ఫొటో వేయిస్తాడు. పిలవాల్సిన పేరు మారిందన్న సంగతి కూడా బయటికి తెలియదు.

డ్రగ్స్ అలవాటు పడినవాడి గురించి మన చట్టంలో ఉన్న ఒక మాట ఈ హంగామాలో ఎవరూ చెప్పరు. ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఎ సెక్షన్ ప్రకారం, చిన్న మొత్తంతో లేదా సొంత వాడకంతో పట్టుబడిన వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు ముందుకొస్తే, ఆ కేసు నుంచి రక్షణ దొరికే వీలుంది. చికిత్స పూర్తి చేయాలన్నది షరతు. అరిజోనా క్లినిక్ ఖర్చు కేట్ మాస్‌కి భారం కాదు. ఇక్కడ మామూలు కుటుంబానికి కేంద్ర ప్రభుత్వం టోల్ ఫ్రీ నంబర్ 14446 ఉంది. ఇంట్లో కుర్రాడి విషయం బయటికి పొక్కితే పెళ్లి సంబంధాలు పోతాయని దాచే అమ్మానాన్నలకు ఈ రెండూ తెలిసి ఉండటం అవసరం. వాళ్ల భయం కూడా ఆ కంపెనీల భయం లాంటిదే, పేరు పోతుందని.

ఆర్యన్ ఖాన్ 2023 ఏప్రిల్ 30న డియావోల్ ఎక్స్ అనే బట్టల బ్రాండ్ మొదలుపెట్టాడు. ప్రకటనలో మోడల్ తండ్రే. ఒక జాకెట్ ధర 2 లక్షల రూపాయలు దాటింది. అంత ధర పెట్టేదేమిటని జనం వెక్కిరించారు, మీమ్స్ చేశారు. మొదటి విడత సరుకు ఒక్క రోజులోనే అమ్ముడైపోయింది.